వరసలో మూడో ఒంటె

ఎడారి టూర్లు నడిపే ఆఫీసులో నేను చేరి అప్పటికి రెండు వారాలే. ఒకరోజు మా మేనేజరు పిలిచి, సాయంత్రం సఫారీకి వచ్చేవాళ్ళు అక్కడ ఏమేం చూస్తారో, ఏం కట్టుకుని రావాలో, ఎవరు రాకపోతే మంచిదో మన వాళ్ళ కోసం అరబ్బీలో ఒక పేజీ రాసివ్వమన్నాడు.

"అఫ్రా, అసలు నువ్వెప్పుడైనా వెళ్ళావా?" అని అడిగాడు.

లేదన్నాను. మాది అల్ ఐన్. ఇంటి వెనక గోడ దాటితే ఇసుకే. టిక్కెట్టు కొనుక్కుని ఇసుక చూడటానికి వెళ్ళినవాళ్ళు మా ఇంటావంటా లేరు. గురువారం సాయంత్రం ఒక బండి ఇస్తాను, అన్నీ చూసి రా, అన్నాడాయన.

ఇంట్లో చెప్పగానే మా నానమ్మ సలామా తింటున్న ఖర్జూరం పక్కన పెట్టేసింది.

"పొద్దుగూకే వేళ ఇసకలోకా? ఎవరితోనే?"

"డ్రైవరుతో నానమ్మా. ఇంకా చాలామంది వస్తారు."

"ఆ చాలామంది ఎవరి పిల్లలు?"

"పోలండు వాళ్ళు, చైనా వాళ్ళు... ఎక్కడెక్కడి వాళ్ళో."

"అయితే నేనూ వస్తున్నా. నీ బండిలో చోటుందా లేదా అది చెప్పు చాలు."

అమ్మ అడ్డం పడింది. రెండేళ్ళ కిందట నానమ్మకు తుంటి ఎముక విరిగి లోపల కడ్డీ వేశారు. గతుకుల్లో కూర్చోకూడదు. నాన్న అబూదాబీలో ఆఫీసు పని మీద ఉన్నాడు, ఆయన ఉంటే ఏం చెప్పేవాడో తెలియదు. అమ్మ మాట మాత్రం నానమ్మ దగ్గర ఏనాడూ సాగలేదు.

డ్రైవరు పేరు గుల్ జమాన్. స్వాత్ కొండల నుంచి ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళయింది. నానమ్మను చూసి బండి దిగి, తలుపు తీసి, మెట్టు మీద కాలు పెట్టేదాకా చెయ్యి అందించాడు. తారు రోడ్డు అయిపోయిన చోట ఆగి టైర్లలో గాలి తగ్గిస్తుంటే మిగతా బండ్లన్నీ వరసగా వచ్చి ఆగాయి. వాటిలోంచి నిక్కర్లు వేసుకున్న జనం దిగి ఇసుకను చేతుల్లోకి తీసుకుని ఫోటోలు దిగుతున్నారు.

"వాళ్ళ ఊళ్ళో మట్టి లేదా ఏంటి పాపం?" అంది నానమ్మ.

మిగతా బండ్లు దిబ్బలెక్కి దూకడం మొదలుపెట్టాయి. అద్దాలు దించి ఉన్నాయేమో, కేకలు మా దాకా వినిపిస్తున్నాయి. గుల్ జమాన్ మాత్రం మమ్మల్ని దిబ్బల మధ్య చదును దారిన తీసుకెళ్ళాడు.

"వాళ్ళెందుకు అట్లా అరుస్తున్నారు? బ్రేకులు పోయాయా?"

"లేదు ఉమ్ సుహైల్. సరదా కోసం." సుహైల్ మా నాన్న; పెద్దావిడను కొడుకు పేరు పెట్టి 'ఫలానావాళ్ళ అమ్మ' అని పిలవడం మా దగ్గర మర్యాద.

"సరదాకా?" నానమ్మ చాలాసేపు వెనక్కి తిరిగి వాటినే చూసింది. "మా అమ్మ నన్ను చంకనేసుకుని ఇట్లాంటి దిబ్బ ఎక్కి దిగేసరికి సగం పూట పట్టేది. దిగాక నీళ్ళు ఉంటాయో లేదో తెలియదు. వీళ్ళు ఎక్కిందే ఎక్కుతున్నారు, దిగిందే దిగుతున్నారు." ముందుకు తిరిగి, "ఒరే అబ్బాయీ, ఆ చెట్టుకి కుడి పక్క పోనివ్వకు. అక్కడ ఇసక పీల్చేస్తుంది," అంది.

గుల్ జమాన్ నా వైపు చూసి నవ్వి, ఎడమకు తిప్పాడు. మా వెనక వచ్చిన సామాన్ల బండి కుడి పక్కనే పోయి ఇరుసుదాకా కూరుకుపోయింది. ఆ తర్వాత అతను ప్రతి మలుపు దగ్గరా నానమ్మనే అడిగాడు.

దారిలో ఒకచోట పొదలు కనిపిస్తే నానమ్మ వేలు చూపించి, "హమ్లూలా పుట్టింది ఇట్లాంటి చోటే," అంది.

హమ్లూలా నానమ్మ ఒంటె. అది పుట్టిన మూడో రోజే తల్లి చచ్చిపోతే, నానమ్మ సీసాతో పాలు పట్టి, చలికాలమంతా తన దుప్పటి కప్పి పెంచింది. తాతయ్య పోయాక ఆవిడ పొద్దంతా దాని దగ్గరే. రెండేళ్ళ కిందట నానమ్మ తుంటి విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆ ఒంటె కడుపునొప్పితో చచ్చిపోయిందని నాన్న వచ్చి చెప్పాడు. నానమ్మ మంచం మీద పడుకునే గోడ వైపు తిరిగింది. ఇంటికొచ్చాక చుట్టుపక్కల ఆడవాళ్ళు పరామర్శకు వచ్చారు. ఒంటె కోసం పరామర్శేమిటని వాళ్ళలో వాళ్ళు నవ్వుకున్న మాట నాకు తెలుసు. నానమ్మ పట్టించుకోలేదు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆవిడ ఒంటె పాలు ముట్టలేదు. ఆ వారం నేనూ ఏడ్చాను.

క్యాంపుకు ఇంకా పది నిమిషాల దూరం ఉండగా నాన్న ఫోన్ చేశాడు.

"మీ అమ్మ ఇప్పుడే చెప్పింది. ఎక్కడున్నారు? ఏ క్యాంపు?"

పేరు చెప్పాను. అవతల కాసేపు మాట లేదు.

"అఫ్రా, నానమ్మను ఒంటెల దగ్గరికి తీసుకెళ్ళకు. పడిపోతుంది. వింటున్నావా? బండి దిగనివ్వకు. అసలు వెనక్కి వచ్చేయండి."

"నాన్నా, ఏమైంది, నేను చూసుకుం..."

సిగ్నల్ పోయింది. నాన్న భయస్తుడు, నానమ్మ విషయంలో మరీను. అలాగే అనుకుని ఫోన్ సంచిలో వేసేశాను.

క్యాంపు అంటే చుట్టూ ఖర్జూరపాకుల తడికె, మధ్యలో వేదిక, చుట్టూ తివాచీలు, బాలీసులు. గుమ్మం దగ్గరే తలపాగా చుట్టుకున్న ఒకతను కాగితం కప్పుల నిండా కాఫీ పోసి ఇస్తున్నాడు. నానమ్మ కప్పులోకి చూసింది. మాలో కాఫీ అడుగున కాస్తే పోస్తారు; నిండా పోస్తే తాగి వెళ్ళమని అర్థం.

"నిండా పోశాడేంటి? రాగానే వెళ్ళిపొమ్మంటున్నాడా?"

"అతనికి తెలియదు నానమ్మా."

"తెలియనివాడు పోయడమెందుకు?"

లోపల ఒకచోట పర్యాటకులకు మా బట్టలు తొడిగి ఫోటోలు తీస్తున్నారు. ఎర్రటి గడ్డం ఉన్న పొడుగాటి మనిషి ఒకడు మా మగవాళ్ళ మడమలదాకా వచ్చే తెల్ల చొక్కాను మోకాళ్ళదాకా వేసుకుని, తలగుడ్డ వెనకా ముందూ తారుమారుగా కట్టుకుని నానమ్మ ఎదురుగా వచ్చి చెయ్యి ఊపాడు. నానమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. కోపం కాదు. నిజంగానే ఆవిడకు ఏమీ అర్థం కాలేదు.

"ఇతనికి ఇంట్లో ఎవరూ చెప్పేవాళ్ళు లేరా?" అని నన్ను మెల్లగా అడిగింది.

పొద్దు వాలుతోంది. నమాజుకు ఇంకా పావుగంట ఉంది. తడికె బయట ప్లాస్టిక్ కుర్చీ వేయించి నానమ్మను కూర్చోబెట్టాను. ఎదురుగా ఒంటెల వరస తిరుగుతోంది. నాలుగు ఒంటెలు, ఒకదాని జీనుకు ఇంకొకటి తాడుతో కట్టి ఉన్నాయి. మూతులకు అల్లిన చిక్కాలు, మెడల్లో ప్లాస్టిక్ పూలదండలు. ఒక్కోదాని మీద ఇద్దరిద్దరు. ముందు ఒక సుడాను మనిషి తాడు పట్టుకుని నడుస్తున్నాడు. దిబ్బ చుట్టూ ఒక చుట్టు వేయించి దింపుతాడు, మళ్ళీ ఎక్కిస్తాడు.

నేను కాగితం మీద రాసుకుంటున్నాను. ఒంటె లేచేటప్పుడు వెనక్కి వాలాలి, అని ఏదో. నానమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఆ మూడోదాని నడక చూడు."

చూశాను. ఒంటె నడక. నాకేం తేడా తెలియలేదు.

"వెనక ఎడంకాలు. బయటికి విసిరి వేస్తోంది. చూడవే."

నిజమే, కొంచెం విసురుతోంది.

"హమ్లూలా పిల్లగా ఉన్నప్పుడు కంచె తీగలో కాలు చిక్కుకుంది. అప్పటినుంచి అట్లానే నడుస్తుంది."

నాకు భయమేసింది. ఒంటె కోసం కాదు, నానమ్మ కోసం. మా అమ్మమ్మకు చివరి రోజుల్లో ఇలాగే అయింది, పోయినవాళ్ళందరూ వీధిలో కనిపించేవాళ్ళు.

"నానమ్మా, హమ్లూలా చనిపోయింది కదా."

"నాకు తెలుసు. ఏడ్చావు కూడా. మరి అదెవరు?"

ఆవిడ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టుకుని పిలిచింది. గొంతులోంచి దీర్ఘంగా, కింది స్థాయిలో మొదలై పైకి లేచే పిలుపు అది. నా చిన్నప్పుడు తెల్లవారుజామున ఆ పిలుపుతోనే మెలకువ వచ్చేది. రెండేళ్ళుగా వినలేదు.

మూడో ఒంటె ఆగిపోయింది.

ముందున్నవి రెండూ నడుస్తూనే ఉన్నాయి. తాడు బిగుసుకుంది. వెనకది వచ్చి దాన్ని గుద్దుకుంది. పైన కూర్చున్న అమ్మాయి కెవ్వుమంది. ఒంటె మెడ మావైపు తిప్పింది. నానమ్మ ఇంకోసారి పిలిచింది. ఈసారి అది మూలిగింది, చిక్కంలోంచి, పొడుగ్గా. సుడాను మనిషి పరుగెత్తుకొచ్చి తాడు విప్పేలోగానే ఎవరూ చెప్పకుండా ముందు మోకాళ్ళ మీద కూలబడింది. పైనున్న జంట ఒకరి మీద ఒకరు జారి ఇసుకలో పడ్డారు. వాళ్ళకేం కాలేదు, నవ్వుతూ లేచారు.

నానమ్మ కర్ర కూడా తీసుకోకుండా నడిచింది. నేను వెనకే పరిగెత్తాను. నాన్న చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. పడిపోతుందన్న మాట కాదు. క్యాంపు పేరు వినగానే ఆగిపోయాడే, ఆ మౌనం.

"దగ్గరికి రాకండి పెద్దమ్మా, కరుస్తుంది," అన్నాడు సుడాను మనిషి.

"దీని కాట్లు నా చేతికి మూడున్నాయి. నువ్వు తప్పుకో."

ఒంటె మెడ చాచి నానమ్మ భుజం మీద పెట్టింది. ముక్కుతో ఆవిడ మెడ పక్కన, చెవి వెనక, ముసుగు అంచుల దగ్గర అంతా వాసన చూసింది. నానమ్మ దాని దవడ కింద బొచ్చు పక్కకు తోసింది. రెండు గీతలు, కింద ఒక సున్నా. మా తాతయ్య వేసిన వాత.

ఆవిడ ఏడవలేదు. అరవలేదు. వాత మీద వేలు ఉంచి అలాగే నిలబడింది. చచ్చిపోయిందని రెండేళ్ళు నమ్మిన ప్రాణి ఎదురుగా ఊపిరి తీస్తుంటే సంతోషించాలని కూడా నాకు తోచలేదు.

"ఇది ఎక్కడిది?" అని అడిగింది నానమ్మ చివరికి.

అతని పేరు ఇద్రీస్. యాభై దాటినవాడు, నెమ్మది మనిషి.

"రెండేళ్ళయింది పెద్దమ్మా వచ్చి. అల్ ఐన్ నుంచి ఒకాయన పికప్‌లో తెచ్చి మా యజమానికి ఇచ్చాడు. బాగా చూసుకుంటే చాలు, ఇంకేం వద్దన్నాడట. దీని పేరేంటో చెప్పలేదు. మేం సుక్కర్ అని పిలుస్తాం."

"ఎట్లా ఉంటాడు?"

"గడ్డం మధ్యలో తెల్ల చార ఉంటుంది. ఆ రోజు దీన్ని దింపి చాలాసేపు ఏడ్చాడు. ఇప్పటికీ నెలకోసారి వస్తాడు. ఖర్జూరాలు తెచ్చి చేత్తో తినిపించి పోతాడు."

గడ్డం మధ్యలో తెల్ల చార. అది మా నాన్న గడ్డం. నేను నానమ్మ ముఖం చూడలేకపోయాను.

మా నాన్న సుహైల్ అబద్ధం చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడేళ్ళప్పుడు కొట్లోంచి రబ్బరు ముక్క ఒకటి జేబులో వేసుకొస్తే, మధ్యాహ్నం ఎండలో నన్ను మళ్ళీ అక్కడికి నడిపించి, నా నోటితోనే చెప్పించిన మనిషి. ఆ మనిషి ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని ఒంటె ఎలా చచ్చిపోయిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. ఏ గంటకు పడుకుందో, ఎలా తన్నుకుందో, ఎక్కడ పూడ్చాడో. అదంతా కూర్చుని కల్పించాడు.

ఫోన్ మోగింది. క్యాంపులో సిగ్నల్ ఉంది. నాన్నే. నేను ఎత్తకముందే నానమ్మ చెయ్యి చాచింది.

"సుహైల్," అంది. అవతల ఏం వినిపించిందో తెలియదు. "ఇక్కడ కబాబులు బాగుంటాయట. రా. నేనెక్కడికీ పోను." పెట్టేసింది.

ఆ తర్వాత నానమ్మ ఇసుకలోనే నమాజు చేసింది. మోకాళ్ళు వంగవు కనుక కుర్చీలో కూర్చునే. ఒంటె పక్కనే పడుకుని నెమరు వేస్తూ ఉంది. ఇద్రీస్ దాని మెడలో దండ, మూతి చిక్కం తీసేసి, మిగతా మూడింటినీ తోలుకుపోయాడు. ఎవరో ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. నల్ల ముసుగు, పక్కన ఒంటె, వెనక ఎర్రటి ఆకాశం. ఒకావిడ నా దగ్గరకొచ్చి, ఈ ముసలమ్మ ప్రదర్శన రోజూ ఎన్నింటికి ఉంటుందని అడిగింది. గుల్ జమాన్ వచ్చి వాళ్ళందరినీ మర్యాదగా లోపలికి పంపించాడు. నానమ్మకు రొట్టె, మాంసం ఒక పళ్ళెంలో తెచ్చాడు. ఆవిడ తినలేదు. రొట్టె తుంచి ఒంటెకు పెట్టింది. లోపల డప్పులు మోగుతున్నాయి. రంగు రంగుల గాగరాలు కట్టుకున్న ఈజిప్టు మనిషి గిరగిరా తిరుగుతున్నాడు. తడికె సందుల్లోంచి ఆ రంగులు ఇసుక మీద పడి పోతున్నాయి.

నాన్న గంటన్నరకు వచ్చాడు. బండి లైట్లు ఆర్పకుండానే దిగాడు. వచ్చి నానమ్మ ఎదురుగా ఇసుకలో కూలబడ్డాడు. ఒంటె ఆయన్ని చూడగానే జేబు వైపు మూతి చాచింది. ఖర్జూరాల కోసం. అది చూశాక ఆయన చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

"మొదటిసారి అది తోస్తే పడ్డావు, నేనేమీ అనలేదు," అన్నాడు నాన్న. "రెండోసారి ఎముక విరిగింది. మళ్ళీ పడితే ఇక లేవదన్నాడు డాక్టరు. దొడ్డిలోకి వెళ్ళొద్దమ్మా అంటే సరే అన్నావు. ఆపరేషన్‌కి ముందు రోజు కూడా, ఇంటికి పోగానే దాని దగ్గర మంచం వెయ్యమన్నావు. గేటుకు తాళం వేస్తే పగలగొట్టించేదానివి. నేనేం చెయ్యను?"

"అందుకని చంపేశావా?"

"నోటితో చంపానమ్మా. దాన్ని ఎవరికో అమ్మబుద్ధి కాలేదు."

"మంచానికి కట్టేసి ఉంటే నిన్ను తిట్టేదాన్ని. నెలో రెండు నెలలో తిట్టి ఊరుకునేదాన్ని." నానమ్మ గొంతు పెరగలేదు. "నువ్వు నన్ను ఏడిపించావు సుహైల్. పరామర్శకొచ్చిన వాళ్ళకి నువ్వే కాఫీ పోశావు. నా ఎదురుగా నిలబడి పోశావు. ఎట్లా పోశావురా?"

నాన్న తల దించుకున్నాడు.

"చెయ్యి వణకలేదా?"

"వణికింది."

"నాకు కనపడలేదే."

"నువ్వు నా వైపు చూడలేదమ్మా. గోడ వైపు తిరిగి ఉన్నావు."

ఆ మాటకు నానమ్మ ముఖం ఒక్కసారి మారిపోయింది. కర్ర అందుకుని లేచి, నా భుజం పట్టుకుని గుల్ జమాన్ బండి వైపు నడిచింది. నాన్న బండి ఎక్కనంది. వెళ్ళేముందు ఇద్రీస్‌ను పిలిచి, "ఈ రాత్రికి నీ దగ్గరే ఉంచు. దాని మీద ఇంక ఎవరినీ ఎక్కించకు," అని చెప్పింది. దారి పొడుగునా మా వెనకే నాన్న బండి లైట్లు వస్తూనే ఉన్నాయి.

మర్నాడు క్యాంపు యజమానితో నాన్న మాట్లాడాడు. ఇచ్చినవాడు తిరిగి అడుగుతున్నాడు, అంతే కదా అన్నాడాయన. శనివారం హమ్లూలా ఇంటికొచ్చింది. ఇద్రీస్ తనే దగ్గరుండి తీసుకొచ్చి, చెవి కింద ఎడమ పక్క గోకితే ఇష్టపడుతుందని నానమ్మకు చెప్పాడు.

"నా ఒంటె సంగతి నాకు చెప్తున్నావా?" అంది నానమ్మ. అతను గోకి చూపించాడు. అది కళ్ళు మూసుకుంది. రెండేళ్ళ కిందట దానికా అలవాటు లేదు. నానమ్మ కాసేపు చూసి, "ఇంకేం ఇష్టం?" అని అడిగింది. అతన్ని అన్నం తినకుండా కదలనివ్వలేదు.

దొడ్డిలోకి అడుగు పెట్టనని ఆవిడే అంది, ఎవరూ అడగకుండా. కటకటాల బయట కుర్చీ వేయించుకుంది. లోపల పనంతా నాన్నది. తెల్లవారకముందే లేచి, పేడ తీసి, గడ్డి వేసి, నీళ్ళు పెట్టి, ఆఫీసుకు పోయేవాడు. నానమ్మ కుర్చీలో కూర్చుని ఒంటెతో మాట్లాడేది, ఆయనతో కాదు. ఆయన ఏదైనా అడిగితే అవును, కాదు. అంతకు మించి ఒక్క మాట లేదు. భోజనాల దగ్గర అమ్మా, నాన్నా, నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్ళం.

కోపం అలా ఉంటే తట్టుకోవచ్చు. దానికంటే పెద్దది ఇంకోటి మిగిలింది. పక్కింటి ముసలాయన పోయాడని అమ్మ చెబితే, నానమ్మ, "నువ్వు చూశావా?" అని అడిగింది. అమ్మ చూడలేదంది. "అయితే చూసొచ్చి చెప్పు." మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత ప్రతి చావుకూ అదే. పత్రికలో వచ్చినా, ఫోన్‌లో వచ్చినా, ఎవరు చెప్పినా సరే. ఆవిడ ఆ మాట అన్న ప్రతిసారీ నాన్న లేచి బయటకు వెళ్ళిపోయేవాడు.

ఎండాకాలం ముగిసే రోజుల్లో నానమ్మ చిన్న తమ్ముడు రాస్ అల్ ఖైమాలో పోయాడు. ఆవిడను అంతదూరం తీసుకెళ్ళడానికి వీల్లేకపోయింది. నాన్న ఒక్కడే వెళ్ళి, మట్టి చేసే పనులు ముగించుకుని, పొద్దుగూకాక మాగ్రిబ్ నమాజు వేళకు ఇల్లు చేరాడు. చొక్కా అంచులకు మట్టి అలాగే ఉంది. నానమ్మ ఎదుట నేల మీద కూర్చున్నాడు.

"మామయ్య పోయాడమ్మా."

నానమ్మ ఆయన వైపు తిరిగి చూసింది.

"నీ కళ్ళతో చూశావా?"

"చూశాను."

"గోతిలోకి ఎవరు దించారు?"

"తల వైపు నేనే పట్టుకున్నానమ్మా."

నానమ్మ ముందుకు వంగి ఆయన రెండు చేతులూ అందుకుంది. అరచేతులు తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఉంది. చాలాసేపు చూసింది. అప్పుడు ముసుగు ముఖం మీదికి లాక్కుని తమ్ముడి కోసం ఏడ్చింది. నాన్న చేతులు మాత్రం వదల్లేదు.

అంతా అయ్యాక కళ్ళు తుడుచుకుని, "పొద్దుటినుంచి ఏమన్నా తిన్నావా?" అని అడిగింది.

నాన్న లేదన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను.